రిస్కు కాగితంలో ఊరికి చోటేదీ?

మా కోనసీమలో యాభై దాటిన వాళ్ళు ఎదురుపడితే "భోంచేశారా" తర్వాత వచ్చే మాట "బిళ్ళ వేసుకున్నారా" అనే. బీపీ, షుగర్ లేని ఇల్లు వెతుక్కోవాల్సిందే. అందుకే ఊళ్ళో ఆరోగ్య కార్యకర్తగా పనిచేసే ఆశా అమ్మాయి ట్యాబ్ పట్టుకుని మా వీధికి సర్వేకి వచ్చినప్పుడు నాకు సంతోషమే అనిపించింది. అమ్మని అరుగు మీద కూర్చోబెట్టి ఓపిగ్గా అడిగింది. "మామ్మగారూ, చుట్ట గానీ గుట్కా గానీ అలవాటుందాండీ? మీ వాళ్ళలో ఎవరికన్నా పక్షవాతం, గుండెజబ్బు ఉన్నాయా? కాస్త లేచి నిలబడండి, నడుం కొలుస్తాను." టేపు చుట్టింది, బీపీ చూసింది, వేలు పొడిచి షుగర్ చూసింది.

ఆ ప్రశ్నలన్నిటికీ మార్కులుంటాయి. వయసుకి, పొగాకుకి, మద్యానికి, నడుం కొలతకి, వారానికి 150 నిమిషాల వ్యాయామం ఉందా లేదా అన్నదానికి, కుటుంబంలో ఉన్న జబ్బులకి. మొత్తం నాలుగు దాటితే ఆ మనిషిని ముందుగా పరీక్షకు పంపాలి. వంట దేనిమీద చేస్తారు, పొగలో పని చేస్తారా అని కూడా అడుగుతారు. దేశమంతా ముప్పై దాటిన వాళ్ళందరికీ ఇదే కాగితం.

ఆ కాగితం మీద నాకున్న అభ్యంతరం ఒక్కటే. మనిషికి ముప్పు తెచ్చేవి అడుగుతుంది, ఇన్నాళ్ళూ ఆ మనిషిని కాపాడుకుంటూ వస్తున్నవేవో అడగదు. తాగే నీళ్ళు ఏ చెరువువి? నడవడానికి దారి ఉందా? అర్ధరాత్రి ఒంట్లో బాగోకపోతే పిలిస్తే పలికేదెవరు? మా డెల్టాలో మనల్ని కాపాడేవాటిలో చాలాభాగం ఒంట్లో ఉండవు, ఊళ్ళో ఉంటాయి. వాటిని ఎవరూ రాసిపెట్టరు. రాసిపెట్టరు కాబట్టి అవి ఒక్కొక్కటే పోతున్నా ఆరోగ్యానికి నష్టం జరిగినట్టు ఏ లెక్కలోనూ తేలదు. నేను చెప్పదలుచుకున్నది ఇదే.

రిస్కులు లెక్కపెట్టడం దండగ అని మాత్రం అనను. అది ఎంత అవసరమో మా జిల్లాల వాళ్ళకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదేమో. 2003-04లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో, సుమారు 1,80,000 జనాభాలో, ఏడాదిపాటు జరిగిన ప్రతి మరణానికీ కారణం ఏమిటని ఇంటింటికీ వెళ్ళి అడిగారు. నూటికి 32 మరణాలు గుండెజబ్బు, పక్షవాతం లాంటి రక్తప్రసరణ జబ్బులవల్ల. దెబ్బలు, ప్రమాదాలు, విషం లాంటి బయటి కారణాలవల్ల 13. అంటురోగాలవల్ల 12. పల్లెల్లో మనుషులు పోయేది కలరాతో, విరేచనాలతో, జ్వరాలతో అని అప్పటిదాకా చాలామంది అనుకునేవారు. ఆ అభిప్రాయాన్ని మా ఊళ్ళ చావులు మార్చేశాయి. ఆ లెక్క 2006లో అచ్చయింది. ఇప్పుడు మా పల్లెల్లో బీపీ మిషన్ ఇంటి గుమ్మంలోకి వస్తోందంటే దాని వెనక అలాంటి పని ఉంది.

రిస్క్ ఫ్యాక్టర్ అనే ఆలోచనే ఒక ఊరి నుంచి పుట్టింది. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఫ్రామింగ్‌హామ్ అనే పట్నంలో 1948లో ఐదువేల పైచిలుకు మందిని ఎంచుకుని, ఎవరికి గుండెజబ్బు వస్తుందో ఏళ్ళ తరబడి చూస్తూ పోయారు. బీపీ, కొలెస్టరాల్ ఎక్కువున్న వాళ్ళకి జబ్బు ఎక్కువగా వస్తోందని తేలింది. 1961లో అచ్చయిన వాళ్ళ వ్యాసంతోనే రిస్క్ ఫ్యాక్టర్ అనే మాట వైద్యంలో స్థిరపడింది. అంతకుముందు బీపీ పెరగడం వయసుతోపాటు మామూలే అనుకునే డాక్టర్లు చాలామంది ఉండేవారు. ఆ అధ్యయనం ఎన్ని లక్షల ప్రాణాలు నిలబెట్టిందో చెప్పలేం.

కానీ మనిషిని కొలవడం అలవాటయ్యాక తప్పు కూడా మనిషిలోనే వెతకడం అలవాటైంది. ఆస్పత్రిలో మా అమ్మకి ఎప్పుడూ పడే చీవాట్లు ఒకటే: "నడవట్లేదు మీరు." నిజమే, నడవట్లేదు. కారణం మాత్రం బద్ధకం కాదు. మొన్న మొన్నటిదాకా తెల్లవారగట్ల కాలువ గట్టు వెంట వంతెన దాకా నడిచి, అక్కడ చప్టా మీద కాసేపు కూర్చుని, తోడుగా వచ్చిన ఆడవాళ్ళతో నాలుగు మాటలు మాట్లాడి వచ్చేది. ఇప్పుడు ఆ గట్టు మీద రొయ్యల మేత లారీలు, ఐస్ వ్యాన్లు, ఇసుక ట్రాక్టర్లు. ఒకపక్క లారీ, రెండోపక్క కాలువ, మధ్యలో పక్కగోడ కూడా లేదు. లారీ వస్తే తప్పుకోవడానికి జాగా లేక ఒకావిడ జారి నీళ్ళలో పడింది. పక్కనే చేపలు పడుతున్న కుర్రాళ్ళు ఉండబట్టి బతికింది. ఆ రోజుతో ఆడవాళ్ళ నడక ఆగిపోయింది. సర్వే కాగితంలో మా అమ్మకి "వ్యాయామం లేదు" అని మార్కులు పడ్డాయి. ఆ మార్కులు నిజానికి పడాల్సింది గట్టుకి.

బ్రిటన్‌లో జెఫ్రీ రోజ్ అని ఒక ప్రజారోగ్య శాస్త్రవేత్త ఉండేవారు. ఒక మనిషికి జబ్బు ఎందుకొచ్చింది అన్నది ఒక ప్రశ్న, ఒక జనాభాలో ఆ జబ్బు ఎందుకు అంత ఎక్కువగా ఉంది అన్నది వేరే ప్రశ్న, ఈ రెంటికీ జవాబు ఒకటే కానక్కర్లేదు అని 1985లో రాశారు. ఆయన మాట మా ఊరి లెక్కలో చెప్తాను. అంకెలు సులువుగా ఉండాలని నేను అనుకున్నవి. ఊళ్ళో వెయ్యిమంది పెద్దవాళ్ళు ఉన్నారనుకోండి. వాళ్ళలో 50 మందికి బీపీ చాలా ఎక్కువ. పదేళ్ళలో వాళ్ళలో ఐదుగురికి ఒకరు చొప్పున పక్షవాతం వస్తే పదిమంది. ఇంకో 600 మందికి బీపీ కొద్దిగా ఎక్కువ, అంతే. వాళ్ళలో ఇరవైమందికి ఒకరు చొప్పున వచ్చినా ముప్పైమంది. అంటే ఆ 50 మందినీ పట్టుకుని, ప్రతివాళ్ళకీ తప్పకుండా మందు వేయించినా, పక్షవాతాల్లో ఎక్కువభాగం ఎవరూ పట్టించుకోని ఆ మధ్యరకం మందిలో వస్తూనే ఉంటాయి. ఆ 600 మందికి కొద్దికొద్దిగా తగ్గించాలంటే ఒక్కొక్కర్ని కూర్చోబెట్టి సుద్దులు చెప్పి లాభం లేదు. అందరూ తినేదాంట్లో, తాగేదాంట్లో, నడిచేచోట ఏదైనా మారాలి.

ఉప్పు సంగతే తీసుకోండి. పెద్దవాళ్ళు రోజుకి 5 గ్రాముల లోపు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది, అంటే సుమారు ఒక చిన్న చెంచాడు. ఆవకాయ, ఊరు మిరపకాయలు, ఎండు చేపల పులుసు తినే ఇళ్ళలో ఒక్క పూటకే ఆ చెంచా నిండిపోతుంది. ఆవకాయ మానేయమని చెప్తే మా వాళ్ళు మానరు, నేనూ మానను. బ్రిటన్‌లో రొట్టెల కంపెనీలతో ప్రభుత్వం మాట్లాడి 2000ల్లో కొన్నేళ్ళపాటు రొట్టెలో ఉప్పు కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వచ్చింది. తినేవాళ్ళకి రుచిలో తేడా తెలియలేదు, జనం తినే ఉప్పు మాత్రం తగ్గింది. మన దగ్గర రొట్టె లేదు, కర్రీ పాయింట్లు ఉన్నాయి. అమలాపురంలో, రాజోలులో, రావులపాలెంలో సాయంత్రమైతే కూర ప్యాకెట్టు కొనుక్కునే ఇళ్ళు ఎన్నో. టిఫిన్ హోటళ్ళు, హాస్టళ్ళు, బడి భోజనం కూడా ఉన్నాయి. అక్కడ ఒక చిటికెడు తగ్గితే ఊరు మొత్తానికి తగ్గినట్టే. ఎవరికీ మనోబలం అక్కర్లేదు.

నీళ్ళ విషయం ఇంకా పెద్దది. సముద్రానికి దగ్గరైన మా పల్లెల్లో చాలాచోట్ల బోరు వేస్తే ఉప్పు నీళ్ళే. అందుకే పంచాయతీ మంచినీళ్ళ చెరువు ఉంది. వేసవిలో కాలువలు కట్టేసే ముందు చెరువు నింపుకోవాలి. తూము దగ్గర కాపలా ఉండి, చెత్త రాకుండా అడ్డు పెట్టి, గట్టు తెగకుండా చూసుకుంటూ ఆ నాలుగు రోజులూ ఊరు హడావుడిగా ఉంటుంది. మా చిన్నప్పుడు ఆ పని చేసిన పెద్దలెవరూ దాన్ని వైద్యం అనుకోలేదు. కానీ అది వైద్యమే. బంగ్లాదేశ్‌లో ఖుల్నా జిల్లా దాకోప్ ప్రాంతం కూడా మన డెల్టాలాగే సముద్రం ఒడ్డున ఉంటుంది. అక్కడ గర్భిణుల మీద చేసిన అధ్యయనాల్లో, తాగే నీళ్ళలో సోడియం ఎక్కువైన కొద్దీ బీపీ, గుర్రపువాతం (కడుపుతో ఉన్నప్పుడు బీపీ పెరిగి ప్రాణం మీదికి తెచ్చే జబ్బు) ముప్పు ఎక్కువగా కనిపించింది. వాననీళ్ళు తాగే వాళ్ళలో ఆ ముప్పు తక్కువ. అంటే మంచినీళ్ళ చెరువు ఒక రక్షణ. దాని పక్కనే రొయ్యల చెరువు తవ్వితే, ఆ ఉప్పునీరు ఇటు ఊరితే, ఊళ్ళో కడుపుతో ఉన్న ప్రతి అమ్మాయి ఒంట్లోకీ పోయేది ఆ ఉప్పే. అప్పుడు ఆ అమ్మాయిని పట్టుకుని "ఉప్పు తగ్గించమ్మా" అంటే ఏం తగ్గిస్తుంది? మన తీర మండలాల్లో గర్భిణుల బీపీ రాసే కార్డులోనే వాళ్ళు తాగే నీళ్ళ ఉప్పదనం కూడా రాయాలి. కొలిచే మీటరు అంత ఖరీదైనదేం కాదు.

కాపాడేవాటిని ఎవరూ గుర్తించకపోవడం వల్ల జరిగే అన్యాయం నాకు అన్నిటికన్నా ఎక్కువగా కనపడేది అంగన్‌వాడీ దగ్గర. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాకి అన్నం పెట్టిన కాలువలే ఇంటి వెనకా, బడి ముందూ పారతాయి. రేవు లేని వీధి ఉండదు. ప్రపంచంలో 2021లో సుమారు 3 లక్షలమంది నీళ్ళలో మునిగి చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వాళ్ళలో దాదాపు నాలుగోవంతు ఐదేళ్ళలోపు పిల్లలు. బంగ్లాదేశ్‌లో ఈ చావులు ఎప్పుడు జరుగుతున్నాయని చూస్తే, ఎక్కువగా పొద్దుటి పూట, తల్లులు ఇంటిపనిలో ఉన్న వేళ, ఇంటికి కూతవేటు దూరంలోనే. ఆ వేళకి పిల్లల్ని ఒకచోట చేర్చి ఒక మనిషి కనిపెట్టుకుని ఉండే ఏర్పాటు చేస్తే చావులు బాగా తగ్గాయి. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ అన్ని దేశాలకీ చెప్పే ముఖ్యమైన సలహాల్లో అదొకటి. ఆరేళ్ళు దాటిన పిల్లలకి ఈత నేర్పడం మరొకటి.

మనకి ఆ ఏర్పాటు కొత్తగా కట్టాల్సిన పని లేదు. ఉంది. పొద్దున్నే అంగన్‌వాడీ ఆయమ్మ ఇల్లిల్లూ తిరిగి "రారా నాన్నా, గుడ్డు పెడతాను" అని పిల్లల్ని చంకనేసుకుని తీసుకెళ్తుంది. మధ్యాహ్నం దాకా వాళ్ళు ఒక గదిలో, ఒక మనిషి కళ్ళముందు ఉంటారు. అంగన్‌వాడీ అంటే గుడ్డు, పాలు, బాలామృతం, బరువు తూచడం, ఇంతే అనుకుంటాం. కాలువల మధ్య బతికే ఊళ్ళో అది చేసే పనుల్లో అన్నిటికన్నా విలువైనది బహుశా పిల్లల్ని నీటికి దూరంగా ఉంచడమే. ఆ పని ఏ రిజిస్టర్లోనూ లేదు. అందుకే "పిల్లలు తక్కువున్నారు, ఈ కేంద్రాన్ని పక్క వీధి దాంట్లో కలిపేద్దాం" అనే మాట వచ్చినప్పుడు, రెండు వీధుల మధ్య కాలువ ఉందన్న సంగతి ఎవరికీ తట్టదు. మూడేళ్ళ పిల్ల వంతెన దాటి వెళ్ళదు కాబట్టి ఇంట్లోనే ఉంటుంది. ఇల్లు రేవు పక్కన. ఈతకీ అంతే. అరటిబోదె కట్టుకుని పెదనాన్నల పర్యవేక్షణలో నేర్చుకున్న తరం మాది. ఇప్పుడు పిల్లలు కాలువలో దిగితే కొడుతున్నాం, నేర్పడం మాత్రం మానేశాం.

కాపాడేది ఒక్కోసారి ఒక మనిషే. హవాయి దీవుల్లో కవాయి అనే చోట 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమ్మీ వెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమెతో పనిచేసిన వాళ్ళు పెద్దయ్యేదాకా గమనించారు. పేదరికం, ఇంట్లో తాగుడు, తల్లికో తండ్రికో మతిస్థిమితం లేకపోవడం, ఇలాంటివి చాలా ఒకేసారి మీదపడ్డ పిల్లలు వాళ్ళలో ఉన్నారు. అలాంటి పిల్లల్లో మూడోవంతు మంది చక్కగా చదువుకుని, ఉద్యోగం చూసుకుని, మంచి మనుషులుగా స్థిరపడ్డారు. వాళ్ళని కాపాడిందేమిటని చూస్తే పదేపదే కనిపించినది, ఆ పిల్లని మనస్ఫూర్తిగా పట్టించుకున్న పెద్దమనిషి ఒకరైనా ఉండటం. చాలామంది విషయంలో ఆ మనిషి అమ్మమ్మో తాతయ్యో పిన్నో మాస్టారో.

ఇది చదివినప్పుడు నాకు మా పక్కిల్లు గుర్తొచ్చింది. కోనసీమ నుంచి, పశ్చిమ డెల్టా నుంచి ఇంటిపనికి మస్కట్, కువైట్, దోహా వెళ్ళే ఆడవాళ్ళు ఎంతమందో అందరికీ తెలుసు. తల్లి అక్కడ, తండ్రి ఇక్కడ ఉన్నా లేనట్టే, పిల్లలు అమ్మమ్మ దగ్గర. రిస్కుల కాగితం ప్రకారం ఆ ఇంట్లో అన్నీ తప్పు గడులే. అయినా ఆ పిల్ల చదువుతోంది, నవ్వుతోంది, సాయంత్రం వీడియో కాల్‌లో తల్లికి లెక్కల మార్కులు చెప్తోంది. ఆ ఇంటిని నిలబెడుతున్నది మోకాళ్ళ నొప్పులతో ఇడ్లీలు అమ్ముకునే ఒక అమ్మమ్మ. ఆవిడకి కళ్ళు సరిగ్గా ఆనకపోతే ఎవరూ దాన్ని పిల్లల ఆరోగ్య సమస్యగా చూడరు. చూడాలి. ఆవిడ శుక్లాల ఆపరేషన్, ఆవిడ పింఛను, ఆవిడ బీపీ మందు, ఇవన్నీ ఆ పిల్లకి వేసిన టీకాల్లాంటివి.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పకపోతే నా వాదం చెడుతుంది. కాపాడేవి అనగానే "అబ్బే, పాతకాలం తిండి, పాతకాలం గాలి, అప్పుడు జబ్బులెక్కడివి" అనే వాళ్ళు చుట్టూ చేరతారు. పాతకాలంలో మా ఊళ్ళలో బోదకాలు ఉండేది. మురుగు కదలని డ్రెయిన్లలో పెరిగే క్యూలెక్స్ దోమ దాన్ని మోసుకొచ్చేది. పురిట్లో పోయిన తల్లులు, ఏడాది నిండకుండా పోయిన పిల్లలు లేని వంశం లేదు. కాపాడేదని కనపడిన ప్రతిదీ కాపాడదు కూడా. కూరగాయలు, పళ్ళు ఎక్కువ తినేవాళ్ళకి ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువ అని చూసి, వాటిలో ఉండే బీటా కెరోటిన్ కాపాడుతోందేమోనని ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్ళ మీద పరీక్షించారు. 1994లో ఫలితం వచ్చింది. బీటా కెరోటిన్ బిళ్ళ మింగిన వాళ్ళలో ఆ క్యాన్సర్ 18 శాతం ఎక్కువైంది. కాబట్టి ఇమ్యూనిటీ పొడులు అమ్మేవాళ్ళకి ఈ వ్యాసంలో చోటు లేదు. పరీక్షకి నిలబడిన రక్షణల గురించే నేను మాట్లాడుతున్నాను.

అలా నిలబడినవాటిలో ఒకటి మనసుకి కష్టంగా ఉన్నా చెప్పాలి. ఆ 45 ఊళ్ళ లెక్కలో బయటి కారణాల చావుల్లో మూడోవంతు తమంతట తాము ప్రాణం తీసుకున్నవి. శ్రీలంకలో 1995లో, 1998లో అత్యంత విషపూరితమైన పురుగుమందుల్ని నిషేధించారు. 1995 నుంచి 2005 మధ్య ఆ దేశంలో ఆత్మహత్యల రేటు సగానికి పడిపోయింది. అప్పులు, తాగుడు, కుటుంబంలో గొడవలు ఆ పదేళ్ళలో మాయం కాలేదు. ఒక క్షణికమైన దుఃఖంలో చేతికి అందేది అంత ప్రాణాంతకం కాకపోవడం వల్ల మనుషులు మిగిలారు. మిగిలినవాళ్ళకి మాట్లాడే మనిషి, వైద్యం దొరికే వ్యవధి వచ్చింది. వరి పండించే ప్రతి ఇంట్లోనూ ఒక మూల పురుగుమందు డబ్బా ఉండే మా ప్రాంతానికి ఇంతకన్నా సూటిగా వర్తించే పాఠం నాకు తెలియదు.

ఇక సముద్రం. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపానులో మా ప్రాంతంలో వెయ్యిమందికి పైగా పోయారు. వాళ్ళలో వేటకెళ్ళిన జాలరులు చాలామంది. ఒడిశాలో 1999 పెనుతుపాను తర్వాత కేంద్రపడా జిల్లాలో ఊరూరూ పోల్చి చూస్తే, సముద్రానికీ ఊరికీ మధ్య మడ అడవి వెడల్పుగా ఉన్నచోట చావులు తక్కువని తేలింది. ఆ అధ్యయనం 2009లో అచ్చయింది. మనకి కోరంగి మడ అడవి ఉంది. మడ చెట్టు నరికినప్పుడు అటవీశాఖ కేసు పెడుతుంది, సరే. జిల్లా ఆరోగ్య ప్రణాళికలో మాత్రం ఆ అడవి ఊసు ఉండదు. అది ఉండాలి.

ఇదంతా ఎక్కడ రాయాలి అంటే దానికి చోటు ఉంది. ప్రతి రెవెన్యూ గ్రామానికీ ఆరోగ్యం, పారిశుధ్యం, పోషకాహారం చూసే కమిటీ ఉండాలని జాతీయ ఆరోగ్య మిషన్ నిబంధన. ఏఎన్ఎం (ఊళ్ళో తిరిగే నర్సు), ఆశా, అంగన్‌వాడీ టీచరు, వార్డు మెంబర్లు అందులో ఉంటారు. విడిగా ఖర్చుపెట్టుకోవడానికి ఏడాదికి 10,000 రూపాయల నిధి ఉంటుంది. ఆ డబ్బు బ్లీచింగ్ పొడికీ, చెత్త ఎత్తించడానికీ అయిపోతుంటే పెద్ద పనులు పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలోకి ఎక్కించవచ్చు. మా ఊరి గ్రామసభకి నేను పట్టుకెళ్ళే కాగితంలో నాలుగు విషయాలే ఉన్నాయి. కాలువ గట్టు మీద వంతెన దాకా నడిచేవాళ్ళకి పక్కగోడ. మంచినీళ్ళ చెరువు నీటి ఉప్పదనం నెలకోసారి కొలిచి పంచాయతీ బోర్డు మీద రాయడం. రెండు అంగన్‌వాడీలనూ కలపకుండా ఉంచి, రేవు వైపు కంచె కట్టడం. మనవల్ని పెంచుతున్న అమ్మమ్మల, మామ్మల జాబితా ఒకటి ఆశా దగ్గర ఉంచి, వాళ్ళకి కంటి పరీక్ష ముందు చేయించడం. మొదటి దానికి ఇరిగేషన్ వాళ్ళ అనుమతి కావాలంటున్నారు. అర్జీ రాసి పెట్టాను, సంతకాలు మా అమ్మతో మొదలయ్యాయి.